పున్నయ్యగారి కూతుళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో రాజు లేడు. లేకపోతే పీడా పోయింది, సుఖంగా ఉండొచ్చు కదా? ఉండలేకపోయారు. ఒక ఎద్దును తెచ్చి రాజును చేసుకున్నారు. నవ్వకే చిట్టీ, ఊఁ కొట్టు. ఇది నవ్వులాటగా మొదలవుతుంది గానీ నవ్వులాట కథ కాదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కోపమొస్తుంది. వస్తే నువ్వు భయపడకు, నీ మీద కాదు.

ఆ ఊరి పేరు జిల్లెళ్ళకుదురు. నల్లరేగడి పొలాలు, ఊరి పక్కన ఒక ఏరు, ఏటికి అవతల పాలెం అని ఇంకో ఊరు. జిల్లెళ్ళకుదురులో ఇంటింటికీ ఆవులుండేవి. ఆ ఊళ్ళో ఒక పాత పద్ధతి కూడా ఉండేది. ఇంటి పెద్ద ఎవరైనా పోతే, కర్మ చేసే రోజున ఆయన పేరు మీద ఒక మంచి కోడెదూడను ఊరి మీదికి వదిలేవాళ్ళు. తొడ మీద అచ్చు వేసేవాళ్ళు. ఇంక దానికి ముక్కుతాడు లేదు, కాడి లేదు, కర్రదెబ్బ లేదు. ఎవరి చేలో పడి మేసినా ఎవరూ అదిలించకూడదు. దాన్నే అచ్చుబోసిన ఆంబోతు అంటారు. పనీపాటా లేకుండా తిరుగుతుంటే మీ మామయ్యను నేను తిట్టేది ఆ మాటే.

అయితే ఆంబోతును వదిలేది ఊరికే తిరగడానికి కాదు. ఊళ్ళో ఆవులు చూడి కట్టాలన్నా, మంచి దూడలు పుట్టాలన్నా అదే దిక్కు. అందుకని వెనకటివాళ్ళు ఇంకో కట్టడి కూడా పెట్టారు. ఆంబోతుకు పుట్టిన పెయ్యలు పెరిగి ఎదకొచ్చేలోపే దాన్ని పాలెం తోలెయ్యాలి. పాలెం ఆంబోతును ఇక్కడికి తెచ్చుకోవాలి. కూతుళ్ళు పెద్దవయ్యాక తండ్రి ఆ మందలో ఉండకూడదు. ఉంటే పుట్టే దూడలు అవకరంతో పుడతాయి. ఇదేమీ గొప్ప చదువులు చదివి తెలుసుకునే సంగతి కాదు. గొడ్డూగోదా ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఉప్పెక్కువైతే కూర పాడవుతుందన్నంత మామూలు సంగతి. ఇది గుర్తుపెట్టుకో. అందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ పొలమున్న ఆసామి అచ్చయ్య. ఆయన తండ్రి పున్నయ్యగారు మంచాయన. వేళ వచ్చి పోయాడు. అప్పుడు అచ్చయ్య ఎక్కడెక్కడో వెతికి పాలరాయిలా తెల్లగా ఉన్న కోడెను తెచ్చి, అచ్చు వేసి, తండ్రి పేరున వదిలాడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "ఇది మా నాయనే. మా నాయన మళ్ళీ వచ్చాడు. ఎవరూ దీన్ని ఎద్దు అనకండి" అన్నాడు.

పెద్దవాడి మాట కదా, అందరూ తలలూపారు. ఇంక ఆ రోజు నుంచి ఎద్దు పేరు పున్నయ్యగారు. "పున్నయ్యగారు లేచారా?" అని ఒకరంటే, "లేచారు, మిరపతోటలో ఉన్నారు" అని ఇంకొకరు. ఒకనాడు పున్నయ్యగారు శెట్టిగారి కొట్టు ముందు ఆరబోసిన మినుములు మేశారు. ఆ తర్వాత పంతులుగారి పంచె నమిలారు. ఆ తర్వాత పెళ్ళిపందిట్లోకి వచ్చి, గుంజలకు కట్టిన అరటిచెట్లు రెండూ తినేసి, పెళ్ళికూతురి వంక చూసి రంకె వేశారు. ప్రతిసారీ అందరూ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. పెళ్ళికూతురి తండ్రి అయితే, "పెద్దాయన దీవించారు" అన్నాడు.

ఎద్దును మాత్రం నేను ఒక్క మాటా అనను. దానికేం తెలుసు పాపం? పచ్చగా కనిపిస్తే తింటుంది. దానికి పుట్టిన మొదటి దూడలు ముత్యాల్లా ఉండేవి. తెల్లటి ఒళ్ళు, చిన్న చెవులు, చలాకీగా గంతులు. ఊరంతా మురిసిపోయింది.

ఆ తర్వాత ఆ పెయ్యలు పెరిగాయి. మార్పిడి వేళ వచ్చింది. పాలెం వాళ్ళు పద్ధతి తప్పకుండా తమ ఆంబోతుకు మెడలో గంటలు కట్టి, పసుపు రాసి, మేళంతో ఏరు దాటి వచ్చారు. అచ్చయ్య ఎదురెళ్ళి గట్టు మీద నిలబడ్డాడు.

"మా నాయన్ని పరాయి ఊరు పంపమంటారా? రేపు తద్దినం యాడ పెట్టాలి, మీ గడ్డివాముల దగ్గరా?" అన్నాడు.

పాలెం పెద్దమనిషి నెమ్మదిగా, "అది కాదయ్యా, పెయ్యలు ఎదకొస్తన్నయ్యి గదా" అన్నాడు.

"మా నాయన ఉండంగా ఈ ఊళ్ళో ఇంకో ఎద్దు కాలు పెట్టదు" అన్నాడు అచ్చయ్య. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆయన. ఊళ్ళో మిగతా కోడెలన్నిటినీ అప్పటికే విత్తులు కొట్టించి దుక్కిటెద్దులు చేసేశారు. పాలెం వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

అప్పుడు ఊరివాళ్ళు ఏమన్నారు? ఏమీ అనలేదు. తేలుకుట్టిన దొంగల్లా నిలబడ్డారు. అచ్చయ్య బావి నీళ్ళు కావాలి ఒకడికి, అచ్చయ్య చేలో కూలి కావాలి ఇంకొకడికి, అచ్చయ్య పలకరింపు కావాలి మరొకడికి. నోట్లో నాలుకలు ఉన్నాయి, అవి అన్నం రుచి చూడటానికి మాత్రమే పనికొచ్చాయి.

ఆ నిలబడ్డవాళ్ళలో నాంచారమ్మ అని ఒకామె ఉంది. ఈ కథ ఆమెదే. ఆమె మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. ఒక ముసలి ఆవు, ఆ ఆవుకు పున్నయ్యగారి వల్ల పుట్టిన పెయ్య, అవే ఆమె సంసారం. పెయ్యకు చామంతి అని పేరు పెట్టుకుంది. అచ్చయ్య పొలం గట్ల మీద గడ్డి కోసుకొచ్చి వాటిని మేపేది. గడ్డి అచ్చయ్యది కాబట్టి నోరు తనది కాదని ఆమె కూడా అనుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి కుడితి కలుపుతూ, "నాకెందుకొచ్చిన గొడవ" అని చామంతితోనే అంది. చామంతి కుడితి తాగింది.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే తిరపతమ్మ ఇంట్లో ఒక తొలిచూలు ఆవు ఈనింది. అదీ పున్నయ్యగారి కూతురే. దూడ లేచింది, నిలబడింది, నడిచింది, నడిచి గోడకు తల కొట్టుకుంది. చూస్తే కళ్ళ నిండా తెల్లటి పొర. పుట్టుగుడ్డి.

అప్పుడు ఆ ఊళ్ళో ఎవరైనా ఎద్దు వంక చూశారా? చూడలేదు. తిరపతమ్మ కోడలి వంక చూశారు. ఆ కోడలి పేరు మాణిక్యం. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, ఇంకా ఆ ఊళ్ళో ఎవరి ముందు కొంగు సర్దుకోవాలో ఎవరి ముందు అక్కర్లేదో కూడా తెలియని పిల్ల. "గ్రహణం నాడు సావిట్లో కూర్చుని సొరకాయ కోసింది. నేను చూశా" అంది తిరపతమ్మ. అంతే, తేలిపోయింది. సొరకాయ కోస్తే దూడ కళ్ళు పోయాయట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అచ్చయ్యను అడగలేక కోడల్ని అన్నారు.

మాణిక్యాన్ని పాలిచ్చే గొడ్ల దగ్గరికి రానివ్వలేదు. ఆమె చేతి నీళ్ళు గొడ్లకు పెట్టనివ్వలేదు. "నీ పాపాన్ని నువ్వే సాక్కో" అని ఆ గుడ్డిదూడను ఆమెకు అంటగట్టి, ఇద్దర్నీ సావిడి చివర మూలకు తోశారు. ఆ పిల్ల నోరెత్తలేదు. గాజులు గలగలలాడిస్తూ ముందు నడిస్తే, ఆ చప్పుడు పట్టుకుని దూడ వెనక నడిచేది. నాంచారమ్మ రోజూ ఆ వీధిలోంచే గడ్డిమోపుతో వెళ్ళేది. వాళ్ళిద్దర్నీ చూసేది. ఆమెకు తెలుసు. తెలిసీ తల దించుకుని వెళ్ళిపోయేది.

ఊఁ కొడుతున్నావా? కళ్ళు మూస్తే మూశావు గానీ చెవులు మూయకు.

ఆ తర్వాత రెండో దూడ. అది ఒక కాపుగారింట్లో పుట్టింది. దానికి నాలుగు కాళ్ళూ ఉన్నాయి, అవి కాక మూపురం పక్కన ఇంకో చిన్న కాలు వేలాడుతోంది. ఎముక లేని కాలు, తోలుసంచిలా ఊగుతోంది. అదీ అవకరమే కదా? ఈసారి ఎవరు ఏ కాయ కోశారని అడగాలి కదా? అడగలేదు. అచ్చయ్య పరుగున వచ్చి, "మా నాయన మహిమ" అన్నాడు. చూశావటే, చెడ్డదైతే కోడలిది, వింతదైతే ఎద్దుది.

అప్పుడు ఆ పసిదూడకు పసుపు రాశారు, కుంకం పెట్టారు, మెడ నిండా పూలదండలు వేశారు. తల్లి దగ్గర పాలు తాగనివ్వకుండా బండెక్కించి, మేళాలతో ఊరు ఊరంతా ఊరేగించారు. ఎర్రటి ఎండ. దణ్ణాలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు, ఆ ఐదో కాలును ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు అద్దుకుంటున్నారు. తల్లి మాత్రం తలుగు తెంపుకునేలా అరుస్తోంది. దాని పొదుగు రాయిలా గడ్డకట్టింది. సాయంత్రానికి దూడ బండి మీదే తల వాల్చేసింది.

"దేవుడిలో కలిసిపోయింది" అన్నాడు అచ్చయ్య.

దేవుడిలో కలవలేదు. ఆకలితో చచ్చింది. నేను చెప్తున్నాగా. కాస్త మంచినీళ్ళు ఇలా అందుకో.

ఆ తర్వాత చామంతి ఎదకొచ్చింది. అప్పటికి నాంచారమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. ఊళ్ళోవాళ్ళ ఆవులు ఏమైనా కానీ, నా చామంతిని మాత్రం పాలెం తోలుకెళ్తాను అనుకుంది. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. తెల్లవారగానే పలుపు పట్టుకుని ఏటిదారి పట్టింది.

ఏటి గట్టు మీద అచ్చయ్య పాలేర్లు ఎదురయ్యారు. వాళ్ళ వెనకే అచ్చయ్య వచ్చాడు.

"ఎక్కడికి నాంచారీ?"

"పాలెం, అయ్యా. మా అక్కగారింటికి."

"అక్కగారింటికి ఆవునేసుకుని పోతన్నావా? మా నాయన్ని కాదని ఇంకోదాని దగ్గరికి తోలతావా? నువ్వు ఏరు దాటితే మళ్ళీ నా గట్టు మీద గడ్డిపరక కొయ్యలేవు. ఆలోచించుకో."

నాంచారమ్మ ఆలోచించుకుంది. గడ్డి లేకపోతే రెండు ఆవులూ ఎండిపోతాయి. వెనక్కి తిరిగింది. ఆ గట్టు మీద నుంచి ఇంటిదాకా చామంతి మొహం వంక చూడలేకపోయింది. దారిలోనే పున్నయ్యగారు ఎదురొచ్చారు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. చామంతి ఒకనాటి పొద్దున్నే ఈనింది. పెయ్యదూడ. తల్లిని మించి తెల్లన. నాంచారమ్మ గడ్డితో ఒళ్ళు తుడిచింది, గిట్టలు గిల్లింది, చెవుల్లో ఊదింది. అంతా బాగానే ఉందనుకుంది. దూడ లేచి తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళింది. చన్ను పట్టుకుంది. పట్టు నిలవలేదు. మళ్ళీ పట్టుకుంది. పాలు ముక్కులోంచి కారిపోయాయి.

నాంచారమ్మ దాని నోరు తెరిచి చూసింది. పైపెదవి చీలి ఉంది. లోపల అంగిలి కూడా ముక్కుదాకా చీలి ఉంది.

అప్పుడామె ముందుగా చన్ను తన చేత్తో పిండి నోట్లోకి చిమ్మింది. ముక్కులోంచి వచ్చేశాయి. ఆ తర్వాత చంటిపిల్లలకు పట్టే ఉగ్గుగిన్నెతో నాలుక చివర కాస్త కాస్త పోసింది. సగం దిగాయి, సగం దగ్గులో పోయాయి. ఆ తర్వాత మెత్తటి గుడ్డను పాలలో ముంచి చప్పరించమని పెట్టింది. అది ఎంత ఆశగా చప్పరించిందనుకున్నావు. దానికి బతకాలని ఉంది. తోక ఊపుతోంది, తల్లిని చూస్తోంది, ఆమె చేతిని నాకుతోంది. కానీ పాలు పొట్టలోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. రొప్పు పట్టుకుంది. నాంచారమ్మ వంట మానేసి, గడ్డికి పోవడం మానేసి, దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రొప్పి రొప్పి ఒక మధ్యాహ్నం వేళ ఒళ్ళోనే పోయింది.

చామంతి దాన్ని నాకుతూనే ఉంది.

ఏడవకే అమ్మలూ. ఏడిస్తే కథ ఆపేస్తాను. ఆపొద్దా? అయితే కళ్ళు తుడుచుకో. నాంచారమ్మ కూడా ఏడవలేదు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అచ్చయ్య మీద వచ్చింది, ఊరి మీద వచ్చింది, అందరికన్నా ఎక్కువగా ఏటి గట్టు మీద నుంచి వెనక్కి తిరిగిన తన కాళ్ళ మీద వచ్చింది.

దూడను పాతిపెట్టి చేతులన్నా కడుక్కోలేదు, అప్పుడే ఊరి పెద్దలు గుమ్మంలోకి వచ్చారు. ముందు తిరపతమ్మ మొగుడు గొంతు సవరించుకున్నాడు.

"నాంచారమ్మా, ఏం అనుకోబాక. మొగుడు లేని దానివి, నీ చెయ్యి పడ్డ గొడ్డు కాబట్టే ఇట్టా అయ్యిందని అందరూ అంటన్నారు. ఈ ఆవు ఊళ్ళో ఉంటే అరిష్టం. పెద్దాయన తద్దినం లోపల దీన్ని సంతకు తోలెయ్యి. అచ్చయ్యగారి మాట."

సంతకు తోలడమంటే ఏంటో నీకు తెలియదు, తెలుసుకోనక్కర్లేదు. అవకరపు దూడను ఈని పోగొట్టుకున్న ఆవును సంతలో పాడికోసం ఎవరూ కొనరు. కొనేవాళ్ళు వేరే ఉంటారు. నాంచారమ్మకు ఆ సంగతి తెలుసు. చామంతి ప్రాణం తద్దినం దాకానే అని ఆమెకు అర్థమైంది.

"సరే, తద్దినం నాడే తోలుకొస్తాలే" అంది.

తద్దినం రోజు వచ్చింది. అచ్చయ్య వాకిట్లో పెద్ద పందిరి. ఊరంతా భోజనాలకు వచ్చింది. పందిరి మధ్యలో పున్నయ్యగారిని నిలబెట్టారు. ఒళ్ళంతా పసుపు, కొమ్ములకు కొత్త పంచె, ముందర వెండిపళ్ళెంలో బియ్యం, బెల్లం. ప్రతి ఏడూ అంతే, ముందు ఎద్దు తినాలి, ఆ తర్వాతే మనుషులు. అచ్చయ్య పట్టుపంచె కట్టుకుని దాని కాళ్ళు కడుగుతున్నాడు. దూరంగా, పందిరి నీడ కూడా పడని చోట, గుడ్డిదూడను పట్టుకుని మాణిక్యం నిలబడి ఉంది.

అప్పుడు నాంచారమ్మ చామంతిని తోలుకొచ్చింది. సంతదారిలో కాదు. తిన్నగా పందిట్లోకి.

"ఏందిది? ఆ అరిష్టాన్ని ఇక్కడికి తెచ్చావేంది?" అన్నాడు అచ్చయ్య.

"పోయే ముందు ఒక్క మాట అడిగి పోదామని వచ్చా, అచ్చయ్యగారూ. మీరు కాళ్ళు కడుగుతున్నది ఎవరికి?"

"కనపట్టంలా? మా నాయనకి."

"బాగుంది. మరి ఈ చామంతి ఎవరి బిడ్డ?"

అచ్చయ్య అక్కడే ఆగితే పోయేది. కానీ గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే ఆయన నాలుక ఆగదు. "ఎవరి బిడ్డేంది? ఊళ్ళో పెయ్యలన్నీ మా నాయన సంతానమే" అన్నాడు.

"అయితే ఇది మీకు చెల్లెలు" అంది నాంచారమ్మ.

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన నోటిని పక్కవాళ్ళు మూశారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"మీ చెల్లెల్ని నేను ఏరు దాటిస్తాంటే అడ్డం పడ్డది ఎవరు? తీసుకుపోయి మీ నాయన దగ్గరికే తోలమన్నది ఎవరు? చెప్పండి. మీ ఇంట్లో పిల్లకు సంబంధం వస్తే ముందు ఏం అడుగుతారు? ఇంటిపేరు. ఇంటిపేరు కలిస్తే వాళ్ళ గడప కూడా తొక్కరు గదా. మరి ఇక్కడ తండ్రికీ కూతురికీ ముడిపెట్టి, దానికి పసుపు రాసి, దణ్ణం పెట్టి, పుట్టిన బిడ్డ పాలు మింగలేక నా ఒళ్ళో చస్తే, నా చేతి పాపమన్నారు."

"నోరు మూసుకో. అది..." అన్నాడు అచ్చయ్య.

"ఊఁ. అది?"

అచ్చయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"అది మీ నాయనే అంటారా, అట్టాగే కానివ్వండి. అయితే ఆ గుడ్డిదూడ మీ నాయన పాపం. ఎండలో చచ్చిన ఐదుకాళ్ళ దూడ మీ నాయన పాపం. నా చామంతి బిడ్డ మీ నాయన పాపం. ఈ పందిట్లో, ఈయన తద్దినం నాడు, ఆ మాట మీరే అనండి. లేదు, అది ఎద్దంటారా? ఎద్దని చెప్పండి. ఎద్దయితే దానికేం తెలుసు, దాని తప్పు లేదు, తోలుకుపోయి పాలెంలో వదిలిపెట్టొచ్చు. నాకు మీ నాయనతో పేచీ లేదు. బతికినన్నాళ్ళూ మంచిగా బతికినాయన. ఆయన్ని ఇందులోకి లాగింది మీరు."

అచ్చయ్య చుట్టూ చూశాడు. పురోహితుడు దర్భలు సర్దుకుంటున్నాడు. శెట్టిగారు పందిరి కప్పులోకి చూస్తున్నాడు. ఎన్నాళ్ళుగానో ఆయన ఏమంటే అది తలూపినవాళ్ళు ఆ రోజు అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు. మధ్యలో ఆ ఎద్దు ఒక్కటే ఏ బాధా లేకుండా బెల్లం నాకుతోంది.

"ఎద్దే" అన్నాడు అచ్చయ్య.

"వినపళ్ళా."

"ఎద్దు. ఎద్దేలే అమ్మా."

అంతే. ఆ ఒక్క మాట ఇన్నాళ్ళూ ఎవరి నోటినుంచీ రాలేదు. వచ్చాక ఇంక చూడాలి. "నేను అప్పుడే అనుకున్నా" అన్నాడొకడు. "పాలెం వాళ్ళు వచ్చిన రోజే మా ఆవిడతో చెప్పా" అన్నాడు ఇంకొకడు. "మా తాత ఎప్పుడో చెప్పాడు, కూతుళ్ళ దగ్గర ఉంచకూడదని" అన్నాడు మూడోవాడు. అనుకున్నారట. చెప్పారట. అనుకున్నవాడు బయటికి అనొచ్చుగా? ఆ దూడలు బతికుండగా అనొచ్చుగా? ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. తెలియకపోతే క్షమించొచ్చు. తెలిసి మింగినవాళ్ళను ఏం చెయ్యాలే?

బరువు దిగిపోయినట్టు అందరూ విస్తళ్ళ వైపు కదిలారు. ఆకులు వేశారు, నీళ్ళు చల్లారు.

"ఎవరూ కూర్చోబాకండి" అంది నాంచారమ్మ.

అందరూ ఆగారు. ఆమె పందిరి దాటి ఎండలోకి వెళ్ళి, మాణిక్యం ముందు నిలబడింది.

"అమ్మాయ్, ఆ ఎద్దు సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. నిన్ను మూలకు తోసిన రోజునా తెలుసు. నీ ముందు నుంచే గడ్డిమోపు ఏసుకుని పోయా గానీ నోరు తెరవలా. నా ఇంటిదాకా వచ్చినాక తెరిచా. తప్పు నీది కాదు. నాది" అంది.

ఆ తర్వాత తిరపతమ్మ వంక చూసింది. తిరపతమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "అత్త కోడలికి చెప్పుకునేదేంది, ఎక్కడన్నా ఉందా?" అని గొణిగింది తిరపతమ్మ. ఎవరూ కూర్చోలేదు. అన్నం చల్లారిపోతోంది. చివరికి ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నీ తప్పేం లేదులే" అంది. అది కోడలికి కాదు, గాలికి చెప్పినట్టుంది. అయినా చెప్పింది, ఊరంతా విన్నది.

మాణిక్యం అప్పుడు నోరు తెరిచింది. ఆ ఊరు వచ్చాక పదిమందిలో ఆమె మాట్లాడడం అదే మొదలు.

"నా తప్పు లేదని నాకు తెలుసు పిన్నీ. ఒక్కళ్ళయినా ఆ మాట అంటారేమోనని రోజూ మనుషుల మొహాలు చూశా" అంది.

ఆ రోజు భోజనం చేసినవాళ్ళెవరూ రెండోసారి అన్నం అడగలేదు.

ఆ తర్వాత ఎద్దుకు పసుపు కడిగేసి, పాలెం తోలుకెళ్ళారు. పాలెం ఆంబోతు ఇటు వచ్చింది. గోధుమరంగుది, కాస్త మొండిది. దానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. అది శెట్టిగారి మినుముల మీదికి వస్తే, పాత పద్ధతిని కాస్త పక్కనపెట్టి ఆయన హాయిగా అదిలించాడు. అచ్చయ్య కొన్నాళ్ళు బయటికి రాలేదు. వచ్చాక గడ్డి సంగతి ఎత్తలేదు. నాంచారమ్మ ఆయన గట్టు మీదే, ఆయన చూస్తుండగానే కోసుకుంది. మాణిక్యం మళ్ళీ గొడ్ల దగ్గరికి వెళ్ళింది. గుడ్డిపెయ్యను మాత్రం ఎవరెంత చెప్పినా చేతి నుంచి వదల్లేదు.

మరుసటి ఏడు చామంతి మళ్ళీ ఈనింది. గోధుమరంగు కోడెదూడ. నాంచారమ్మ ముందు దాని నోరు తెరిచి, అంగిలి మీద వేలు పెట్టి చూసింది. నున్నగా, గట్టిగా, నిండుగా ఉంది. దూడ ఆమె వేలు చప్పరించింది, చాల్లేదని విదిలించి తల్లి దగ్గరికి పోయింది. పొదుగును తలతో గట్టిగా కుమ్మింది. గటగటా తాగింది. మూతి నిండా నురగ. నాంచారమ్మ గొడ్లను కట్టే గాటిపాట్లో కూలబడి అప్పుడు ఏడ్చింది. పోయిన దూడ కోసం ఆ రోజు రాని ఏడుపంతా ఈ రోజు వచ్చింది.

ఏమడిగావూ? ఆ పోయిన దూడ మళ్ళీ బతకలేదా అనా?

లేదే. మిగతా అమ్మమ్మలు బతికిస్తారేమో, నేను బతికించను. మాట ఆలస్యమైతే పోయినవి పోయినట్టే. అది నువ్వు తెలుసుకునే నిద్రపోవాలి. రేపు బడిలో ఒకళ్ళు చేసిన దానికి ఇంకొకళ్ళను నిలబెట్టారనుకో, నీకు తెలిసి ఉంటే ఏం చేస్తావు?

చెప్తావా? అప్పుడే చెప్తావా, మర్నాడు చెప్తావా?

సరే. ఇటు తిరుగు, దుప్పటి కప్పుతాను.

కథేమో కంచికి, ఆవేమో ఇంటికి,
పాలేమో దూడకి, పిల్లేమో పడకకి.
తెలిసి మింగిన నోటికి మన్ను,
తెలిసి చెప్పిన నోటికి జున్ను.